చెవిలో చదివిన కలిమా

ధర్మవరం,
10-6-2025

అన్నకు మైమూనా సలాం.

బక్రీద్‌కు రాలేదని వదినకు కోపంగా ఉందని మా పిల్ల సైమా చెప్పింది. కోపం పెట్టుకోవద్దను. పండగ రైల్లో జనం ఎట్లుంటారో నీకు తెలుసు. ఎవరి మోచెయ్యి తగిలినా నేను అరుస్తాను, పెట్టెలో అందరూ నావైపు తిరుగుతారు. అందుకే రాలేదు.

ఫోన్ ఉండగా ఉత్తరమేంటని నవ్వుతావు. ఫోన్‌లో నువ్వు నన్ను మాట్లాడనిస్తావా? నాలుగు మాటలకే "సర్లే, తగ్గిపోతాదిలే" అని పెట్టేస్తావు. స్పీకర్ పెడితే ఇల్లంతా వింటుంది. ఎడమ చేత్తో రాయడం నేర్చుకున్నాను. కోడి కెలికినట్టున్నాయి అక్షరాలు, ఓర్చుకుని చదువు.

నాలుగేళ్ల కిందట బండి మీద నుంచి పడి కుడి మణికట్టు విరగడం, కట్టు కట్టడం, ఎముక అతుక్కోవడం నీకు తెలిసిందే. ఎముక అతుక్కున్నా నొప్పి పోలేదు, ఏటేటా పెరిగింది. ఇప్పుడు ఫ్యాన్ గాలి తగిలినా మంట. ఓణీ అంచు రాసుకున్నా మంట. చొక్కా చెయ్యి భుజం దాకా కత్తిరించుకుని తిరుగుతున్నాను. మగ్గం మీద కొత్త పడుగు దారాలను పాత పడుగుకు పోగు పోగూ మెలేసి అతికిన చెయ్యి ఇది. నా అంత వేగంగా అతికేవాళ్లు ఊళ్లో లేరని మగ్గాల ఓబుళప్ప అందరి ముందూ అనేవాడు. ఆ చేత్తో ఇప్పుడు బొత్తం పెట్టుకోలేను.

మొన్న సైమాను ఒక మాట అడిగాను. ఈ చెయ్యి తీసేసే డాక్టరు యాడైనా ఉంటే ఫోన్‌లో వెతకమన్నాను. పిల్ల ఏడ్చింది. ఏడ్చి, వెతికి, తీసేసే డాక్టరును కాక ఇంకో డాక్టరును కనుక్కుంది. ప్రమోద అని, నొప్పులకే చదువుకున్నామె. బెంగళూరు నుంచి మీ హిందూపురంలో ఒక నర్సింగ్ హోమ్‌కు వారం విడిచి వారం శనివారాలు వస్తుంది. కెటమిన్ అనే మందు డ్రిప్‌లో మెల్లగా ఎక్కిస్తారంట. నరాలు మొండికేసినప్పుడు కొందరికి పని చేస్తుందని చెప్పింది.

సైమా వాళ్ల నాయన మందుల షాపులో విచారించుకుని వచ్చాడు. "పశువుల ఆసుపత్రిలో గొడ్లకిచ్చే మత్తు అది. గొడ్ల మందు నా పెండ్లానికి యాల?" అని కూచున్నాడు. సంతకం పెట్టనన్నాడు. ఇంటి మనిషి ఒకరు సంతకం పెట్టి, డ్రిప్ అయ్యేదాకా పక్కనే కూచోవాలంట. నువ్వు కూచుంటావా అన్నా?

ఎడమ చెయ్యి కూడా అలిసిపోయింది.

నీ చెల్లెలు
మైమూనా


హిందూపురం,
16-6-2025

కోడి కెలికినా ముత్యాల్లాగే రాసే మా మైమూనాకు అన్న దీవెనలు.

నోరు తెరిస్తే ధర్మవరం యాస, కలం పడితే పంతులమ్మ తెలుగు. నువ్వు అట్ల రాసినాక నేను మాత్రం తక్కువ తింటానా? నేనూ బడి తెలుగులోనే రాస్తున్నాను చూడు.

కూచోడానికి అడగాలా నన్ను? పరుపుల అంగట్లో పొద్దుగూకులూ నేను చేసే పని కూచోవడమే కదా. సంతకం ఒకటి కాదు, పది పెడతాను. మీ ఆయన ముబారక్‌కు చెప్పు, సూది గొడ్లకూ వేస్తారు, మనకూ వేస్తారు, అంత మాత్రాన మనం గొడ్లమైపోతామా అని. వద్దులే, చెప్పొద్దు. ఉన్న గొడవ చాలు.

28వ తేదీ శనివారానికి పేరు రాయించాను. పొద్దున ఏమీ తినకూడదు, తాగకూడదు అని నర్సు భాగ్యశ్రీ రెండుసార్లు చెప్పింది. ముందురోజే వచ్చి మా ఇంట్లో పడుకో. నీ చేతి కింద పెట్టుకోవడానికి బూరుగు దూదితో చిన్న దిండు కుడుతున్నాను. మిషన్లో వెయ్యలేదు, గింజ లేకుండా చేత్తో ఏరాను. నాయన ఉంటే ఇట్లాంటి దిండు ఆయనే కుట్టేవాడు, నాకంటే బాగా.

పక్కింటివాళ్లు ఉమ్రాకు మక్కా పోయి తెచ్చిన జంజం బావి నీళ్లు చిన్న సీసాలో ఉన్నాయి. అవీ తెస్తాను. ధైర్యంగా రా.

నిజాముద్దీన్


ధర్మవరం,
3-7-2025

అన్నకు,

నువ్వు తోడొచ్చిన తిరుగు రైల్లో పెనుకొండ దాటేదాకా నేను నోరు తెరవలేదు. కోపమనుకున్నావు. కోపం కాదు. జరిగింది చెప్పడానికి మాట దొరకలేదు. ఇప్పుడు దొరికింది, కాగితం మీద కాబట్టి.

డ్రిప్ మొదలైన కాసేపటికి మంచం లేదు. తర్వాత కాళ్లు లేవు. భాగ్యశ్రీ ఏదో అడుగుతోంది, ఆ మాటలు ఎవరో పక్కింట్లో మాట్లాడుకుంటున్నట్టున్నాయి. తర్వాత చెయ్యి పోయింది. తిమ్మిరెక్కడం కాదు. లేదు, అంతే. మన నాయన దూది ఏకే కొట్టం గుర్తుందా? తలుపు సందులోంచి ఎండ పడితే గాల్లో అంతా దూది నూగే కదా. నేను అట్ల లేచి తిరుగుతున్నాను, బరువు లేకుండా.

అప్పుడు నీ గొంతు వినపడింది. నా చెవిలో కలిమా చదువుతున్నావు, ప్రాణం పోయేవాళ్లకు చదివినట్టు. "లా ఇలాహ ఇల్లల్లాహ్" అని, మళ్లీ మళ్లీ. అన్న కలిమా చదువుతున్నాడంటే నేను చచ్చిపోయానన్నమాట అని అర్థమైంది. భయం వెయ్యలేదు. ఏడుపు రాలేదు. సైమా కూడా గుర్తు రాలేదు. అమ్మయ్య, అయిపోయింది అనుకున్నాను. నాలుగేళ్లలో ఎప్పుడూ అంత హాయిగా లేను. నీ గొంతు పట్టుకుని ఎంత దూరమైనా పోయేదాన్ని.

తర్వాత గొంతులో ఏదో అడ్డం పడింది. దగ్గు. కేకలు. నన్ను పక్కకు దొర్లించారు. వెనక్కి వచ్చేశాను. నాతోపాటు చెయ్యి కూడా వచ్చింది.

కానీ ఒక మాట విను. ఆ చెయ్యి మెత్తబడి వచ్చింది. నిన్నటి దాకా బాగుంది. సైమాకు జడ వేశాను అన్నా! వంకర జడ. అది విప్పకుండానే కాలేజీకి పోయింది. నిన్న సాయంత్రం నుంచి వేళ్ల కొసల్లో మళ్లీ మొదలైంది.

ఒకసారితో ఆగకూడదని, కొన్నిసార్లు ఎక్కించి చూడాలని డాక్టరమ్మ ముందే చెప్పింది కదా. నా పేరు మళ్లీ రాయించు. నాకు ఆ చోటు కావాలి.

అవునూ, కలిమా ఎందుకు చదివావు?

మైమూనా


హిందూపురం,
8-7-2025

మైమూనాకు,

నీ ఉత్తరం చదివి అంగడి మూసేసి ఇంటికి పోయాను. కలిమా ఎందుకు చదివానని అడుగుతున్నావా? నేను చూసింది రాస్తాను, నువ్వే చెప్పు.

డ్రిప్ పెట్టేముందు డాక్టరమ్మ ఏవో జాగ్రత్తలు చెప్పిందంట. అప్పుడు నేను అక్కడ లేను. కింద మందుల షాపులో ట్యూబులు కొనుక్కురమ్మని నన్ను పంపారు. వచ్చేసరికి నువ్వు మంచం మీద కళ్లు తెరుచుకుని ఉన్నావు. తెరుచుకుని ఉన్నాయి, చూపు లేదు. నల్లగుడ్లు అటూ ఇటూ ఊగుతున్నాయి. "మైమూనా, ఇదో, ఈడుండా చూడమ్మా" అని పిలిచాను. పలకలేదు. నోటి చివర నీరు కారింది. అమ్మను చివరిరోజు ఆసుపత్రి అద్దంలోంచి చూశాము కదా, సరిగ్గా అవే కళ్లు. ఆరోజు మనల్ని లోపలికి రానియ్యలేదు. అమ్మ చెవిలో కలిమా పడలేదు, నోట్లో జంజం చుక్క పడలేదు. మన ఇంట్లో ఇంకెవరినీ అట్ల పంపకూడదని ఆరోజే అనుకున్నాను.

అందుకే చదివాను. సీసా మూతతో జంజం నోట్లో పోశాను. నువ్వు ఉక్కిరిబిక్కిరి అయ్యావు. భాగ్యశ్రీ నన్ను నెట్టేసింది. డాక్టరమ్మ డ్రిప్ సగంలో ఆపేసింది. "ఏనప్పా, సాయిస్తీయా?" అని కన్నడంలో అరిచింది. చంపుతావా అని నన్ను అడిగింది మైమూనా. నన్ను!

ఇదంతా మింగేసి నోరు మూసుకుని ఉన్నాను. ఇప్పుడు నీ ఉత్తరం వచ్చింది. చచ్చిపోయాననుకుని అమ్మయ్య అనుకున్నావా? కన్నబిడ్డ గుర్తు రాలేదా? ఆ చోటు కావాలా? ఏ చోటు కావాలో నాకు అర్థమైంది. నీ చావుకు నేను సంతకం పెట్టను. ఈ పన్నెండో తేదీకి నీ పేరు రాయించలేదు, రాయించను.

పెనుకొండలో ఒక తాత ఉన్నాడు, గాలి సోకినవాళ్లకు దిగదుడుస్తాడు. మీ వదిన నాజియా తమ్ముడికి బాగైంది. 17వ తేదీ గురువారం పోదాం. అటు నుంచి నువ్వు, ఇటు నుంచి నేను. ముబారక్‌తో మాట్లాడాను, సరేనన్నాడు.

ఏడ్చి రాస్తున్నాను, తిట్టినట్టు అనుకోవద్దు.

అన్న


ధర్మవరం,
12-7-2025

అన్నకు,

ఈరోజు శనివారం. నా పేరు ఉండాల్సిన శనివారం.

నేను చావు అడగలేదు. చెయ్యి ఊరుకుంటే చాలని అడిగాను. రెండింటికీ తేడా తెలియనివాడివా నువ్వు? నొప్పి లేని చోటు కావాలంటే నా బిడ్డను వద్దన్నట్టా? సైమా గుర్తు రాలేదని రాసింది నిజమే. నొప్పి ఉన్నప్పుడు కూడా గుర్తు రాదు, అది నీకు రాయలేదు. నొప్పి లేని ఆ కొన్నాళ్లే నేను దాని తల్లిని. జడ వేశానని రాశాను, అది నీ కంటికి ఆనలేదు.

మందు సగమే పోయిందని నాకిప్పుడే తెలుస్తోంది. సగానికే అంత నెమ్మదిస్తే మొత్తం పోతే ఎట్లుండేది? నువ్వు మంచికే చేశావు, నాకు తెలుసు. నువ్వు మంచికే చేశావు కాబట్టి తిట్టడానికి కూడా లేదు, అదే నా ఖర్మ.

ఓబుళప్ప నా పనికి లక్ష్మీదేవి అనే పిల్లను పెట్టుకున్నాడు. ఇంటికి వచ్చి చెప్పి పోయాడు, మర్యాదస్థుడు.

పెనుకొండకు వస్తాను. నీ కోసం వస్తాను. ఆ తర్వాత నువ్వు నా కోసం సంతకం పెట్టాలి. ఇది మన మధ్య మాట.

మైమూనా


హిందూపురం,
20-7-2025

బంగారు మైమూనాకు,

అల్హమ్దులిల్లాహ్! అంతా అల్లా దయ. తాత నెమలీకల కట్ట నీ చేతి మీద దువ్వినప్పుడు నువ్వు వేసిన కేకకు ఆ సందు సందంతా బయటికొచ్చింది. నువ్వు పడిపోయావు. "పాయ, పాయ, ఇడిసిపెట్టి పాయ" అని తాత అన్నాడు. అందరూ అదే మాట. నాలుగేళ్లు పట్టి పీడించింది కదా, పోయేటప్పుడు అంత అరుపు అరిపించి గానీ పోదంట.

లేచినాక నువ్వు ఎంత నెమ్మదిగా ఉన్నావో! ముబారక్ భుజం మీద తల పెట్టుకుని ఆటో ఎక్కావు. నిన్ను అట్ల చూసి ఎన్నాళ్లైంది! నేను ఇంటికొచ్చి నాజియాతో బిర్యానీ చేయించాను. నర్సింగ్ హోమ్‌కు ఫోన్ చేసి, మా చెల్లెలికి నయమైపోయింది, ఇంక ఆ మందుతో పని లేదని చెప్పేశాను. భాగ్యశ్రీ "మంచిదే కదన్నా" అంది.

దిండు ఎట్లుంది? చెయ్యి బాగైంది కాబట్టి ఇంక తల కింద పెట్టుకో. ఒక మంచి పరుపు కూడా కుట్టిస్తాను.

ఉత్తరం రాయి, కుడి చేత్తో.

నీ అన్న నిజాముద్దీన్


ధర్మవరం,
29-7-2025

అన్నకు,

ఎడమ చేతి రాతే ఇది.

ఓణీ అంచు తగిలితే మంట అని మొదటి ఉత్తరంలోనే రాశాను. నువ్వు చదివావు. అయినా ఆ నెమలీకలు నా చేతి మీదికి వస్తుంటే నువ్వే నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నావు, కదలకుండా. నాలోంచి గాలీ పోలేదు, దయ్యమూ పోలేదు. నెమ్మదిగా ఉన్నానన్నావు. అరిచే శక్తి అయిపోయింది అన్నా, అంతే.

శనివారం సైమాను తోడు తీసుకుని హిందూపురం వచ్చాను. నీకు చెప్పలేదు. డాక్టరమ్మ మంచిగానే మాట్లాడింది. మీ అన్న నయమైందని ఫోన్ చేశాడు కదా అంది. సైమాకు పదిహేడే, దాని సంతకం చెల్లదు. ఇంటి పెద్ద ఒకరు వచ్చి, పక్కన కూచుని, నోట్లో ఏమీ పొయ్యనని మాటిస్తేనే మందు ఎక్కిస్తానంది. పోయినసారి నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయుంటే ప్రాణానికే వచ్చేదంట. ఆమె తప్పేం లేదు.

తిరిగి స్టేషన్‌కు పోతూ మీ వీధిలోంచే వచ్చాము. నువ్వు అంగట్లో ఉన్నావు. మిషన్‌కు దూది అందిస్తున్నావు, గడ్డం నిండా నూగు. నాయనే అనుకున్నాను ఒక్క క్షణం. సైమా "మామా" అని పిలవబోయింది. వద్దన్నాను. పిలిస్తే నువ్వు సంతోషంగా పరుగెత్తుకొచ్చి "చెయ్యి చూపించు" అంటావని భయమేసింది.

దిండు సైమా తల కింద పెట్టుకుంటోంది. నా చేతికి అది కూడా గుచ్చుకుంటుంది. ఇన్నాళ్లూ బాగుందని అబద్ధం చెప్పాను.

మైమూనా


హిందూపురం,
2-8-2025

తల్లీ,

నీ ఉత్తరం నాకంటే ముందు నాజియా చదివింది. "పరుపులో పత్తిగింజ ఉంటే ఏలు పెట్టి కనుక్కుంటావే, కూడబుట్టింది మంటకు అరస్తాందని తెలీలేదా నీకు?" అని అడిగింది. నా అంగడి ముందు నుంచి నువ్వు పోతుంటే నేను తలెత్తి చూడలేదు. రెండురోజులుగా వీధిలో ఎవరు పోతున్నా తలెత్తుతున్నాను.

భాగ్యశ్రీ ఫోన్ నుంచి డాక్టరమ్మతో మాట్లాడాను. కళ్లు తెరిచే ఉంటాయని, గుడ్లు ఊగుతాయని, పలకదని, అది మందు గుణమని ఈసారి నేను మళ్లీ మళ్లీ అడిగి తెలుసుకున్నాను. తొమ్మిదో తేదీకి నీ పేరు రాయించాను. సంతకం పెట్టేశాను. సీసా ఇంట్లోనే ఉంటుంది. చేతులు తొడల కింద పెట్టుకుని కూచుంటాను. నోరు కుట్టేసుకుంటాను. నువ్వు ఎట్లున్నా, ఏమైనా, నా పెదవి కదలదు. ఒట్టు.

ఒక్కటే అడగాలని ఉంది. నిజంగా పోతున్నప్పుడు కూడా అట్లే ఉంటావు కదా, అప్పుడు నాకు ఎట్ల తెలుస్తుంది?

రా.

అన్న


ధర్మవరం,
16-8-2025

అన్నకు,

మాట నిలబెట్టుకున్నావు. మెలకువ వచ్చేసరికి నీ చేతులు తొడల కిందే ఉన్నాయి. పెదవి కొరుక్కుని రక్తం తెచ్చుకున్నావు.

మందు పూర్తిగా పోయింది. ఈసారి దూది లేదు, ఎండ లేదు. మంచం పోయింది, కాళ్లు పోయాయి, చెయ్యి పోయింది, ఆ తర్వాత నేను కూడా పోయాను. చీకటి. ఎటు పోతున్నానో తెలియదు. నీ గొంతు కోసం చూశాను. ఇప్పుడు చదువుతాడు, ఇప్పుడు చదువుతాడు అనుకున్నాను. చదివితే చచ్చానని తెలుస్తుంది, పిలిస్తే బతికున్నానని తెలుస్తుంది. ఏదీ రాలేదు. ఎంత సేపో తెలియదు, నూరేళ్లనిపించింది. మంచం పక్క మిషన్ టిక్కు టిక్కుమనే చప్పుడు ఒక్కటే. పోయినసారి హాయి మందుది అనుకున్నాను నేను. సగం నీ గొంతుదని ఇప్పుడు తెలిసింది.

చెయ్యి ఆదివారం ఒక్కరోజు ఊరుకుంది. సోమవారం పొద్దున సైమాకు జడ మొదలుపెట్టి సగంలో వదిలేశాను. డాక్టరమ్మతో ఫోన్‌లో మాట్లాడాను. పూర్తి మందుకే ఇంత తక్కువ గుణం కనిపించిందంటే ఇంక ఎక్కించి లాభం లేదంది. కొందరికి పని చేస్తుంది, కొందరికి చెయ్యదు, నీకు చెయ్యలేదమ్మా అని దాచకుండా చెప్పింది. మంచి మనిషి. వేరే మాత్రలు రాసింది. అవన్నీ నేను చూసినవే.

ఇంక తిరగను అన్నా. ఈ చెయ్యి నాతోనే ఉంటుంది, నేను ఉన్నన్నాళ్లు. నువ్వు ఎవరి దగ్గరికీ తీసుకుపోవద్దు, నేను ఎవరి దగ్గరికీ రాను.

నువ్వు అడిగినదానికి జవాబు నాకూ తెలియదు. కానీ నేను నిజంగా పోయేటప్పుడు ఎవరు ఏమన్నా వినొద్దు. గట్టిగా చదువు.

మైమూనా


హిందూపురం,
20-8-2025

మైమూనాకు,

ఏం రాయాలో తెలియక మూడు కాగితాలు చింపాను. తగ్గిపోతుందిలే అని ఈసారి రాయను. తగ్గదని నాకూ అర్థమైంది. అంగట్లో కూచుంటే మిషన్ చప్పుడులో ఏడవొచ్చు, ఎవరికీ వినపడదు. అదొక్కటే నాకున్న సౌకర్యం.

ఆదివారం వస్తున్నాను. ఏమీ తేను. నీ ఎడమ పక్కన కూచుంటాను, నువ్వు వద్దంటే గడపలో కూచుంటాను. సైమాకు జడ వెయ్యడం నాజియా దగ్గర నేర్చుకుంటున్నాను. నవ్వితే నవ్వు.

ఒక మాట నీకు చెప్పాలి. పెదవి కదలదని ఒట్టు పెట్టానని కదపలేదు, రక్తం వచ్చినా కదపలేదు. లోపల మాత్రం చదువుతూనే ఉన్నాను మైమూనా. డ్రిప్ మొదలైనప్పటి నుంచి నువ్వు కళ్లు తిప్పి నన్ను చూసేదాకా, ఒక్క ఊపిరి కూడా విడవకుండా చదివాను. నీకు వినపడుతుందనుకున్నాను.

అన్న